పానకంలో గండుచీమ: చెక్క ఇంట్లో వడ్రంగి చీమల పని పట్టడం ఎలా

2023 శ్రీరామనవమి రాత్రి దేవుడి అలమర దగ్గర పానకం గ్లాసు తీయడం మర్చిపోయాం. పదకొండింటికి మంచినీళ్ళకని కిందికి దిగితే గ్లాసు అంచు చుట్టూ ఏడెనిమిది నల్లటి గండుచీమలు. మా ఇల్లు వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి పైన ఉన్న బోథెల్‌లో. మార్చి నెలాఖరు, బయట ఎముకలు కొరికే చలి. బెల్లం పానకానికి చీమలు రాకపోతే ఇంకేం వస్తాయి అనుకుని, తుడిచేసి పడుకున్నాను.

అది తప్పు. బయట అంత చలిగా ఉన్నప్పుడు ఇంట్లో గండుచీమలు తిరుగుతున్నాయంటే అవి బయటినుంచి వచ్చినవి కాకపోవచ్చు. చాలావరకు ఇంట్లోనే, వెచ్చగా, గోడలోనో నేల కిందో కాపురం ఉన్నట్టు లెక్క. జూన్‌లో ఒకటీ అరా కనిపిస్తే దారి తప్పి వచ్చిందనుకోవచ్చు. జనవరి, ఫిబ్రవరి, మార్చిలో కనిపిస్తే మాత్రం తేదీ, ఎక్కడ కనిపించాయో, ఎన్ని ఉన్నాయో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. తర్వాత చాలా పనికొస్తుంది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న డెక్ (ఇంటికి ఆనించి కట్టిన చెక్క అరుగు) వైపు గాజు తలుపు దగ్గర పాతిక దాకా రెక్కల పురుగులు. మా ఆవిడ "ఏమండీ, ఉసిళ్ళు!" అంది. నాకు గుండె జారిపోయింది. ఉసిళ్ళంటే చెద. తొలకరి వానకి దీపం చుట్టూ మూగేవి చెదపురుగులే కదా. ఈ ఇల్లు 2021లో కొన్నాం. అప్పుడున్న పోటీలో ఇన్‌స్పెక్షన్ కూడా వదులుకుని కొన్నాం, ఇప్పుడు చెద అంటే ఇంకేమైనా ఉందా! టెన్షన్‌తో పురుగుల మందు కంపెనీ ఒకదానికి ఫోన్ చేస్తే ఒకతను వచ్చాడు. డెక్ కిందికి వంగి చూడకుండా, క్రాల్ స్పేస్ (ఇంటి నేల కింద పాక్కుంటూ వెళ్ళే ఖాళీ) తలుపు తీయకుండా, పది నిమిషాల్లో ఏడాది కాంట్రాక్టు కాగితం చేతిలో పెట్టాడు. సంతకం పెట్టలేదు. మే నెలలో నాన్న వస్తున్నారు, వచ్చాక చూద్దాం అనుకున్నాను.

నాన్న వడ్రంగి. పాలకొల్లు దగ్గర నలభై ఏళ్ళు తలుపులు, కిటికీలు, మంచాలు చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, చీమల శాస్త్రం అసలే రాదు. కర్ర తెలుసు. ఈ పనిలో సగం దానితోనే అయిపోయింది. మిగతా సగం నేను చదివి, అడిగి, రాత్రుళ్ళు టార్చి పట్టుకుని తిరిగి తెలుసుకున్నది.

ముందు ఎవరో తేల్చుకోండి

తలుపు దగ్గర దొరికిన రెక్కల పురుగుల్ని నాలుగింటిని చిన్న సీసాలో వేసి ఉంచాను. మీరూ అలాగే చేయండి, ఊడ్చి పారేయకండి. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే చెదకీ చీమకీ తేడా కళ్ళకి కనిపిస్తుంది. చీమకి నడుము దారంలా సన్నం, మీసాలు మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంటాయి, ముందు రెక్కలు పొడుగు, వెనక రెక్కలు పొట్టి. చెదకి నడుమే ఉండదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ ఒకే పొడవు. మాకు దొరికినవి చీమలే.

ఇంగ్లీషులో కార్పెంటర్ యాంట్ అంటారు, వడ్రంగి చీమ. మన ఊళ్ళో వేపచెట్టు మొదట్లో మట్టిలో పుట్ట పెట్టుకుని, కొమ్మల మీద పేనుబంక దగ్గర తీపి తాగి బతికే గండుచీమకి ఇది దాయాది, రెండూ కాంపొనోటస్ అనే ఒకే ప్రజాతి (జీనస్)లోవి. మన గండుచీమ ఇంటి దూలాల జోలికి పెద్దగా రాదు. ఇక్కడి పడమటి తీరంలో ఎక్కువగా ఉండే కాంపొనోటస్ మోడాక్ కర్రలోనే గూడు తొలుస్తుంది. ఒళ్ళంతా నలుపు, కాళ్ళు ముదురు ఎరుపు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు ఉండేది ఇంకో జాతి, అదీ నల్లదే, బుద్ధీ అదే. ఒకే గూట్లో 6 మిల్లీమీటర్ల చిన్నవీ, 12, 13 మిల్లీమీటర్ల పెద్దవీ కలిసే ఉంటాయి, కాబట్టి సైజు చూసి రెండు రకాలనుకోకండి. వీపు గీత కూడా చూడండి: తల తర్వాతి భాగాన్ని పక్కనుంచి చూస్తే ఎగుడుదిగుడు లేకుండా విల్లులా ఒకే వంపు. అనుమానం తీరకపోతే వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (జనానికి సలహాలిచ్చే విభాగం) వాళ్ళ మాస్టర్ గార్డెనర్లకి, అంటే శిక్షణ పొందిన వాలంటీర్లకి, చూపించండి. ఇలాంటి ఎక్స్‌టెన్షన్ ఆఫీసులు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

వడ్రంగి చీమ కర్రని తినదు. చెదకి కర్రే అన్నం. దీనికి కర్ర ఇల్లు మాత్రమే, తొలిచిన పొట్టు బయటికి తోసేస్తుంది. తిండి బయట వెతుక్కుంటుంది: పేనుబంక కార్చే తీపి, చచ్చిన పురుగులు, మీ వంటింట్లో తేనె, బెల్లం, మాంసం ముక్క. విషపు ఎర పనిచేసేది కూడా అందుకే. కర్రని తినని పురుగు మీరు పెట్టింది తింటుంది.

పొట్టు చెప్పే కబురు

నాన్న వచ్చిన రెండో రోజు డెక్ మెట్ల పక్కన చిన్న పొట్టు కుప్ప చూశారు. నేను రెండేళ్ళుగా దాన్ని చూస్తూనే ఉన్నాను, దుమ్మనుకున్నాను. ఆయన చిటికెడు అరచేతిలో వేసుకుని ఊది, "ఇది రంపప్పొట్టు కాదురా. రంపానిది పొడిలా ఉంటుంది. ఇవి పీచులు. కొరికినవి" అన్నారు. భూతద్దంతో చూస్తే పీచుల మధ్య చీమ కాళ్ళు, తలలు, ఏవో పురుగుల రెక్కల ముక్కలు. వడ్రంగి చీమల గూటి చెత్త అలాగే ఉంటుంది. ఎవరో ఇంట్లో రంపంతో కోసిన పొట్టులో కాళ్ళూ తలలూ ఉండవు. మట్టిలోంచి వచ్చే చెద పనైతే పొట్టే ఉండదు, మట్టి ఉంటుంది. పునాది మీదినుంచి పాకే మట్టి గొట్టాలు మన ఊళ్ళో అందరూ చూసినవే.

పొట్టు ఎక్కడ రాలుతుందో దానికి సరిగ్గా పైన ఒక చీలికో, సన్నటి కంతో ఉంటుంది. ఇంటి లోపలైతే కిటికీ చట్రాల కింద, బేస్‌బోర్డుల (గోడ అడుగున బిగించే చెక్కపట్టీల) దగ్గర, డిష్‌వాషర్ వెనక, స్నానాల గది తొట్టె పక్కన చూడండి. క్రాల్ స్పేస్‌లో నేల మీద పరిచిన ప్లాస్టిక్ మీద పొట్టు బాగా కనిపిస్తుంది. నేను పాత ప్యాంటు వేసుకుని, మాస్కు పెట్టుకుని పాక్కుంటూ వెళ్ళాను. డెక్‌కి తగిలి ఉన్న గోడ కింద, దోసిలి నిండా ఉంది.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో కర్రని కొడుతూ వెళ్ళండి. ఈ పని నాన్న చేస్తుంటే చూడాలి. చెవి దగ్గరగా పెట్టి టక్, టక్ అనుకుంటూ పోతారు. గట్టి కర్ర ఖంగుమంటుంది, డొల్ల పడింది ఓటికుండలా పలుకుతుంది. ఒకచోట ఆగి, "ఇక్కడ విను" అన్నారు. కొట్టిన దెబ్బకి లోపల్నుంచి ఎండుటాకుల్ని నలిపినట్టు గరగర. గూడు కదిలితే చీమలు చేసే చప్పుడది. గోడలో ఉన్నా, చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే మామూలు చెవికే వినిపిస్తుంది.

అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే పెరుగులోకి గరిటె దిగినట్టు దిగింది. తేమ మీటర్ అని రెండు ముళ్ళున్న పరికరం నాకు 35 డాలర్లకి దొరికింది. కొని తీరాల్సింది అదొక్కటే. మామూలుగా ఎండిన ఇంటి కర్ర 12 శాతం లోపు చూపిస్తుంది, 15 దాటితే ఈ చీమలకి అనుకూలం, 20 దాటితే కర్ర కుళ్ళుకి దారి. మాది 28 చూపించింది.

కారణం డెక్. డెక్‌ని ఇంటికి బిగించిన పలక వెనకాల రేకు మడత, ఇక్కడ ఫ్లాషింగ్ అంటారు, వేయలేదు. అక్టోబరునుంచి ఏప్రిల్ దాకా పడే వాన గోడమీదినుంచి ఆ సందులోకి దిగి, ఇంటి నేల దూలాల చివర్లని కలిపే పలకని ఏళ్ళ తరబడి నానబెట్టింది. నానిన కర్ర మెత్తన, చీమలకి పని తేలిక. చీమలు మా ఇంటిని పాడుచేశాయని నేను, "నీళ్ళు పాడుచేశాయి, ఇవి అద్దెకి దిగాయి" అని నాన్న, చాలాసేపు వాదించుకున్నాం. ఆయనదే నిజం. మీరు చీమల్ని చంపి నీటి దారి మూయకపోతే రెండేళ్ళలో ఇంకో గూడు దిగుతుంది.

రాత్రి పదింటికి టార్చి పట్టుకుని

ఒక గూడు దొరికింది కదా అని సంబరపడకండి. వీటికి రెండు కాపురాలుంటాయి. రాణి, గుడ్లు, పసి పిల్లలు ఉండే తల్లిగూడు చెమ్మగా ఉండే మోడులోనో, కుళ్ళిన చెట్టులోనో, పాతిన గుంజలోనో ఉంటుంది. ఎదిగిన పిల్లలు, పనిచీమలు ఉండే పిల్లగూళ్ళు దానికి దూరంగా, ఎక్కువసార్లు మన ఇంట్లో ఉంటాయి. పిల్లగూటికి అంత చెమ్మ కూడా అక్కర్లేదు, గోడలో పెట్టే ఫోమ్ ఇన్సులేషన్‌ని కూడా తొలుచుకుని ఉంటాయి. ఇంట్లోది చంపితే తల్లిగూడు ఇంకో దండుని పంపిస్తుంది.

దారి పట్టుకోవాలంటే రాత్రే. మే, జూన్ నెలల్లో చీకటి పడ్డ అరగంట తర్వాత రద్దీ మొదలవుతుంది, అర్ధరాత్రి దాకా ఉంటుంది. సియాటిల్‌లో జూన్‌లో సూర్యుడు తొమ్మిది దాటాకే అస్తమిస్తాడు కాబట్టి మేము పదింటికి బయల్దేరేవాళ్ళం. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి, ఎర్ర వెలుతురు చీమలకి సరిగా ఆనదు, బెదరవు. అట్టముక్క మీద నీళ్ళు కలిపిన తేనె ఒక చుక్క, పక్కన ట్యూనా చేప రవ్వంత పెట్టి గోడ వారగా ఉంచండి. మాది శాకాహారం ఇల్లు, చేప డబ్బా పక్కింటాయన ఇచ్చాడు. వచ్చిన చీమ కడుపు నింపుకుని ఎటు వెళ్తుందో చూడండి. వచ్చేదాని వెంట కాదు, కడుపు ఉబ్బి తిరిగి వెళ్ళేదాని వెంట పడాలి. గడ్డిలో అయితే కనిపించవు. కంచె పలక పైఅంచు, గొట్టం, కేబుల్ తీగ, గోడకి ఆనిన కొమ్మ వెంట పోతుంటాయి. నూరు గజాల దూరం కూడా నడుస్తాయి.

మాకు మూడు రాత్రులు పట్టింది. డెక్ కిందినుంచి కంచె ఎక్కి, కంచె పొడుగునా వెళ్ళి, మూలనున్న పాత ఫర్ చెట్టు మోడులోకి. మాకంటే ముందున్నవాళ్ళు చెట్టు కొట్టి మొదలు అలాగే వదిలేశారు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్ర వెలుతురులో, నిమిషానికి ముప్ఫై దాకా లెక్కపెట్టారు. పక్కింటివాళ్ళు దొంగలనుకోకుండా ముందే చెప్పి ఉంచడం మంచిది.

మందులు: ఏది, ఎప్పుడు

స్ప్రే డబ్బా వద్దు. ఎదురొచ్చిన నాలుగు చీమలు చస్తాయి, మిగతావి వాసన పసిగట్టి దారి మారుస్తాయి, మీ మూడు రాత్రుల కాపలా బూడిదలో పోసిన పన్నీరు. ఇండియానుంచి సూట్‌కేసులో తెచ్చుకునే చీమల చాక్‌పీస్ అసలు వద్దు. అమెరికాలో అది చట్టవిరుద్ధం, పిల్లలు మామూలు సుద్దముక్క అనుకుని నోట్లో పెట్టుకుంటారు. అమ్మ ఫోన్‌లో పసుపు చల్లమంది. చల్లాం, అమ్మ తృప్తి కోసం.

పనిచేసేది నిదానంగా చంపే ఎర. పనిచీమ తిన్నది కడుపులో పెట్టుకెళ్ళి గూట్లో నోటినుంచి నోటికి పంచుతుంది, రాణికీ పిల్లలకీ అలాగే చేరుతుంది. అందుకే విషం తక్కువ మోతాదులో ఉండాలి. ఎక్కువైతే మోసుకెళ్ళేది దారిలోనే పడిపోతుంది. బోరిక్ యాసిడ్, అంటే క్యారమ్స్ బోర్డు మీద చల్లుకునే ఆ పౌడరే, తీపి ద్రవంలో కొద్దిగా కలిపిన ఎరలు, అబామెక్టిన్ లాంటి పురుగుల మందులు ఉన్న ఎరలు దుకాణాల్లో దొరుకుతాయి. డబ్బా మీద వడ్రంగి చీమలకి అని రాసి ఉందో లేదో చూసి కొనండి. ఇవి తిండి విషయంలో పెద్ద పేచీకోరులు. ఒకవారం తీపి ముట్టవు, ఇంకోవారం మాంసపు ఎర ముట్టవు. రెండు రకాలూ దారి పక్కన పెట్టి దేన్ని తింటున్నాయో చూడాలి. ఎర పెట్టాక ఆ చుట్టుపక్కల స్ప్రే, ఫినాయిల్, వెనిగర్ ఏదీ వాడకూడదు. ఎర చుట్టూ చీమలు మూగితే తుడవకండి. మా ఆవిడకి ఈ రెండు వారాలు నరకం.

గోడలోపలి ఖాళీల్లోకి బోరిక్ పొడి ఊదే పద్ధతి కూడా ఉంది. సన్నగా, కనీ కనపడకుండా పడాలి. గుట్టలా పోస్తే చీమలు పక్కనుంచి పోతాయి. స్విచ్ బోర్డు తీసి ఊదేటట్టైతే ముందు బ్రేకర్ ఆపండి, మాస్కు పెట్టుకోండి. పిల్లలో పెంపుడు జంతువులో ఉంటే ఎరలన్నీ మూత ఉన్న పెట్టెల్లోనే. పిల్లలు ఎవరైనా నోట్లో పెట్టుకుంటే అమెరికాలో పాయిజన్ హెల్ప్ నంబర్ 1-800-222-1222, రోజంతా ఉంటుంది.

ఎరతో మా ఇంట్లో రద్దీ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మోడులో తల్లిగూడు పెద్దది. ఇక్కడ లైసెన్సు ఉన్న మనిషిని పిలిచాను, ఈసారి క్రాల్ స్పేస్‌లోకి దిగిన మనిషిని. అడగాల్సిన ప్రశ్నలు: గూడు ఎక్కడుందని మీరనుకుంటున్నారు? చీమలు పసిగట్టలేని మందు వాడతారా, తరిమే మందా? ఫిప్రోనిల్ లాంటి పసిగట్టలేని మందైతే దాని మీదినుంచి నడిచి గూటికి మోసుకెళ్తాయి. మొదటి ప్రశ్నకి "ఎక్కడైనా ఉండొచ్చు, చుట్టూ కొట్టేస్తాం" అంటే ఇంకొకరిని చూసుకోండి. మోడుకీ, ఇంటి పునాది చుట్టూ మందు కొట్టించాక, నెల ఆగి మోడుని మిషన్‌తో పొడి చేయించాం.

కర్ర విప్పడం

జూలైలో, వానలు లేనప్పుడు, డెక్ పలక విప్పించాం. దాని వెనక నానిన ఇంటి పలక మీద ఇంటి బరువు ఉంటుంది కాబట్టి సొంతంగా కోయొద్దు, కాంట్రాక్టరు కావాలి, పర్మిట్ అవసరమో లేదో సిటీ ఆఫీసులో కనుక్కోవాలి. లోపల మిగిలిన చీమల్ని వాక్యూమ్‌తో లాగేశారు. మందుకంటే తేలిక. తర్వాత ఆ సంచీ మూతి బిగించి బయట పారేయాలి.

కోసి తీసిన ముక్క అయిదడుగులుంటుంది. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు లోపలికి పోనిచ్చి చూశారు. మెత్తటి పొరలన్నీ తీసేసి, గట్టి పొరలు గోడల్లా వదిలేశాయి. మట్టి లేదు, మరక లేదు, అంతా నున్నగా గాజు కాగితం పట్టినట్టు. "నలభై ఏళ్ళలో లోపల్నుంచి చిత్రిక పట్టడం నాకు చేతకాలేదురా" అన్నారు. ఆ ముక్క కాంట్రాక్టరు పారేయబోతే ఇవ్వలేదు. పాలకొల్లు తీసుకెళ్తానన్నారు. చచ్చిన పురుగులున్న కర్రతో ఎయిర్‌పోర్టులో తంటా అని బతిమాలి ఫోటోలతో సరిపెట్టాను.

కొత్తగా మందు పట్టిన కర్ర వేయించి, పైన ఫ్లాషింగ్ రేకు బిగించి, డెక్ మళ్ళీ కట్టించేసరికి చేతి చమురు బాగానే వదిలింది. హోమ్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు. పురుగుల నష్టం మామూలు పాలసీల్లో ఉండదు. కొనేటప్పుడు చేయించని ఇన్‌స్పెక్షన్ ఇందులో పదో వంతు కూడా అయ్యేది కాదు.

మిగిలినవి చిన్న పనులే. గోడకీ కప్పుకీ తగిలే కొమ్మలు మూడడుగులు ఎడం ఉండేలా కొట్టించండి. చూరు కాలువలు ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయండి. మట్టికీ గోడ పలకలకీ మధ్య ఆరంగుళాలు ఖాళీ ఉంచండి, పూలమొక్కల మొదట్లో వేసే చెక్క పొట్టుని గోడకి ఎగదోయకండి. పొయ్యి కట్టెలు ఇంటికి దూరంగా, నేలకి ఎత్తుగా. చలికాలంలో కట్టెలు లోపలికి తెచ్చాక వాటిలోంచి నాలుగు చీమలు బయటికొస్తే కంగారుపడకండి, వెచ్చదనానికి లేచినవి, ఊడ్చేస్తే చాలు. పెరట్లో పెద్దచెట్టులో చీమలున్నాయని చెట్టు కొట్టేయకండి, అవి అప్పటికే పుచ్చిన భాగంలోనే ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటే మందులు మీరు కొట్టొద్దు. పొట్టు ఫోటో తీసి లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. నోటిమాటగా చెప్తే ఎవరూ గుర్తుంచుకోరు.

ఇంకో మాట, కంగారు గురించి. ఇవి ఇల్లు కూల్చేది వారాల్లో కాదు. గూడు రెక్కల చీమల్ని పంపే వయసుకి రావడానికే కనీసం మూడునాలుగేళ్ళు పడుతుంది. కాబట్టి ఈ రోజే సంతకం పెట్టమనే కాంట్రాక్టుకంటే మూడు రాత్రులు టార్చి పట్టుకోవడం చవక.

మరుసటి ఫిబ్రవరిలో, వానల మధ్యలో, కొత్త పలకకి తేమ మీటర్ గుచ్చితే 14. వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. "కొట్టి వినిపించు" అన్నారు. కొట్టాను. తలూపారు.

2025 శ్రీరామనవమి రాత్రి కావాలనే పానకం చుక్క అట్టముక్క మీద వేసి అలమర దగ్గర పెట్టాను. పదకొండింటికి వెళ్ళి చూస్తే పదిహేను దాకా చీమలు, కానీ నలుసంత చిన్నవి. ఒకదాన్ని వేలితో నలిపి వాసన చూశాను. మురిగిన కొబ్బరి వాసన. ఇక్కడి వంటిళ్ళలో తిరిగే మామూలు చీమలవి, కర్రని తొలిచే రకం కాదు. తుడిచేసి పడుకున్నాను.